జైలు గోడ మీద గోదావరి

(మన సంఘం వార్షిక సమావేశంలో, అప్పనపల్లిలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను మాట్లాడమన్నప్పుడు ఏదైనా ఆరోగ్య విషయం చెప్పమన్నారు. బి.పి. గురించి, షుగరు గురించి ఇక్కడ కూర్చున్నవారిలో నాకంటె బాగా తెలిసినవారు కనీసం ముప్ఫై మంది ఉన్నారు. అందుచేత నాకు కొద్దోగొప్పో అనుభవం ఉన్న విషయమే ఎంచుకున్నాను. జైల్లో ఉన్నవాళ్ళు పదిమందీ కలిసి ఒక బొమ్మ వేసినా, ఒక నాటకం ఆడినా వాళ్ళ మనసు ఎలా కుదుటపడుతుందన్నది నా విషయం. విని మా ఇంట్లో ఆవిడ, "పెన్షనర్ల మీటింగులో జైలు కబుర్లేమిటండీ, అందులోనూ స్వామివారి సన్నిధిలో" అంది. అయినా ధైర్యం చేశాను. మీరు కాస్త ఓపిక పట్టాలి.

ముందు మనందరికీ తెలిసిన సంగతితో మొదలుపెడతాను. కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి వెళ్ళనివాళ్ళు మన కోనసీమలో ఎవరుంటారు? పదకొండు ఊళ్ళ ప్రభలు వస్తాయి. ఆ ప్రభ ఎవరు కట్టారని అడిగితే ఒక్క పేరు చెప్పగలరా? వెదురు తెచ్చినవాడు ఒకడు, వంచి కట్టినవాడు మరొకడు. గుడ్డలు చుట్టేవాళ్ళు, కొత్త వరికంకులు, పూలదండలు కట్టేవాళ్ళు, భుజం పట్టి కాలవలోంచీ చేలోంచీ మోసేవాళ్ళు, అందరూ వేరు. 2023 రిపబ్లిక్ దినోత్సవానికి ఢిల్లీలో మన రాష్ట్రం తరఫున ఆ ప్రభల తీర్థాన్నే శకటంగా ఊరేగించారు. అక్కడ కూడా ఊళ్ళ పేర్లే గాని కట్టినవాడి పేరు లేదు. నేను చెప్పబోయే కళ ఆ రకంది. గొప్ప చిత్రకారుణ్ణి తయారు చెయ్యడం దాని ఉద్దేశం కాదు. ఒకడు చేసినదాని మీద ఇంకొకడి పని ఆధారపడాలి, అదీ ముఖ్యం.

జైలుకీ కళకీ మన తెలుగునాట పాత చుట్టరికమే ఉంది. రాజమహేంద్రవరం జైలు ఉన్నది డచ్చివాళ్ళ పాతకోట. 1864లో జైలు చేశారు, 1870లో సెంట్రల్ జైలు చేశారు. దొరతనాన్ని ధిక్కరిస్తూ పాట కట్టినందుకు గరిమెళ్ళ సత్యనారాయణ గారు ఆ గోడల మధ్యే శిక్ష అనుభవించారు. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు 'మాలపల్లి' నవల రాసింది రాయవెల్లూరు జైల్లో. చిత్రకారుడూ కవీ అయిన అడివి బాపిరాజు గారు 1922లో సహాయ నిరాకరణలో జైలుకి వెళ్ళి, ఆ అనుభవాలని తరవాత 'తొలకరి' నవలలో పెట్టారు. దాశరథి కృష్ణమాచార్యుల వారి సంగతి మీలో సాహిత్యాభిమానులకి తెలిసే ఉంటుంది. నిజామాబాదు జైల్లో పళ్ళు తోముకోడానికిచ్చిన బొగ్గుతో గోడ మీద పద్యాలు రాశారు. సిబ్బంది చెరిపితే మళ్ళీ రాశారు. అదే జైల్లో తోటి ఖైదీ వట్టికోట ఆళ్వారుస్వామి గారు. ఆయనే తరవాత 'జైలు లోపల' అని కథలు రాశారు. దాశరథి తన 'అగ్నిధార'ను ఆయనకే అంకితమిచ్చారు. ఒకరు రాస్తుంటే వినడానికి పక్కన ఇంకొకరు ఉండబట్టి అవి నిలిచాయని నా నమ్మకం.

మీరనొచ్చు: "వాళ్ళు దేశభక్తులు మాస్టారూ, దొంగల్నీ హంతకుల్నీ వాళ్ళ పక్కన కూర్చోబెడతారా?" కూర్చోబెట్టను. కాని గది ఒకటే, తాళం ఒకటే. సాయంత్రం లాకప్పు వేశాక తెల్లారేదాకా మనసు తిరిగే తిరుగుడు ఎవరికైనా ఒకటే. ఇంకో సంగతి. 2022 చివర దేశం మొత్తం మీద జైళ్ళలో సుమారు 5 లక్షల 73 వేల మంది ఉంటే, వాళ్ళలో నూటికి 75 మందికి పైగా విచారణ తేలనివాళ్ళే. అంటే తప్పు చేశారో లేదో కోర్టు ఇంకా చెప్పనివాళ్ళు. అదే ఏడు జైళ్ళలో అసహజంగా పోయినవాళ్ళు 159 మంది, అందులో 119 మంది ఆత్మహత్యలు. ఈ అంకెలు సర్కారు వారు అచ్చు వేసినవే. వీటిల్లో మన పక్కింటి కుర్రాడు ఉండడని మనం ఎవరం చెప్పలేం. సరిహద్దు గట్టు తగాదాలో, పండగనాటి కొట్లాటలో పదిహేను రోజులు రిమాండుకి వెళ్ళొచ్చినవాళ్ళు ఏ ఊళ్ళో లేరు?

ఇక నా సంగతి. నేను హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరయ్యానని మీకు తెలుసు. రిటైరైన రెండో ఏట ఒక మిత్రుడు, జైల్లో చదువు చెప్పే ఉపాధ్యాయుడు, "ఖాళీగానే ఉన్నావుగా, శనివారం శనివారం వచ్చి మావాళ్ళకి బొమ్మలు నేర్పు" అన్నాడు. ఆ జైలు పేరు చెప్పను. ఈ జిల్లాలోది మాత్రం కాదు. అనుమతి కాగితం చేతికి రావడానికి నాలుగు నెలలు పట్టింది. మన పెన్షను ఫైళ్ళు తిరిగిన అనుభవం ఉంది గనక నాకు కష్టమనిపించలేదు.

మొదటి రోజు గేటు దగ్గరే నా సంచీ సగం ఖాళీ అయింది. కత్తెర లేదు, బ్లేడు లేదు, గాజు సీసా లేదు, టర్పెంటైను లేదు, పురికొస కూడా లేదు. పురికొస ఎందుకు ఆపారో ఇంటికొచ్చాక తట్టింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చివరికి మిగిలినవి పొడి రంగులు, తుమ్మబంక, కుంచెలు, ప్లాస్టిక్ మగ్గులు. అవి చాలు. మా బళ్ళో అంతకన్న ఎక్కువ ఎప్పుడూ ఇవ్వలేదు.

ములాఖత్ వరండాలో ఒక గోడ ఇచ్చారు. పధ్నాలుగడుగుల పొడవు, ఆరడుగుల ఎత్తు. పదకొండు మంది వచ్చారు. ఏం వేద్దామంటే ఒకడు ఆంజనేయస్వామి అన్నాడు, ఒకడు ఏసుప్రభువు అన్నాడు, ఒకడు సినిమా హీరో పేరు చెప్పాడు. మూడు శనివారాలు తగువులాటతోనే సరిపోయింది. నాకు విసుగొచ్చి మానేద్దామనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ తగువులాటే అసలు పని. పొద్దున్న గంట కొడితే లేవడం, లెక్కకి కూర్చోవడం, పెట్టింది తినడం, తాళం వేస్తే పడుకోవడం, వాళ్ళ రోజులో వాళ్ళు తేల్చుకునేది ఒక్కటీ ఉండదు. ఏ రంగు వెయ్యాలో, ఎక్కడ వెయ్యాలో, ఎదుటివాడి మాట వినాలో వద్దో, ఎన్నాళ్ళ తరవాతో వాళ్ళ చేతికొచ్చిన నిర్ణయం అదొక్కటే. చివరికి గోదావరి వేద్దామని తేలింది. అందరి దేవుళ్ళూ స్నానం చేసేది అక్కడేనని ఎవడో అన్నాడు. అందరూ నవ్వారు.

అందులో ఒకతను మెట్ట ప్రాంతంవాడు. "మా ఊళ్ళో ఏరుంది గాని నీళ్ళుండవండి" అన్నాడు. నీళ్ళున్న నది వెయ్యనన్నాడు. సరే, కుడివైపు మూల నీది అన్నాను. ఇసుకా, గులకరాళ్ళూ, ఒక ఎండిన తుమ్మచెట్టూ వేశాడు. ఎడమవైపు కొబ్బరిచెట్లూ, నాటుపడవలూ, నిండుగా నీళ్ళు. అలా సగం గోదావరి, సగం ఎండిన ఏరు. చూసినవాళ్ళు ఇదేం బొమ్మ అన్నారు. నాకు మాత్రం నలభై ఏళ్ళలో పిల్లల చేత వేయించిన బొమ్మలన్నిటికన్నా అదే బాగా జ్ఞాపకం.

ఇంకొకతను అయిదారు వారాలు కుంచె ముట్టుకోలేదు. ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఒక మూల కూర్చుని బంక నానబెట్టి రంగు కలిపేవాడు. అంతే. నేను బలవంతపెట్టలేదు. పోను పోను ఏమైందంటే, అతను కలిపిన రంగు గోడకి బాగా పట్టేది, మిగతావాళ్ళు కలిపింది ఎండి పొడిలా రాలేది. దాంతో అతను రాందే పని మొదలుపెట్టేవాళ్ళు కాదు. "నీలం పలచనైంది, కాస్త చిక్కపరచు" అని ఒకడు, "నాకు పసుపు కావాలి" అని ఒకడు. జవాబు చెప్పక తప్పేది కాదు. అలా మాట మొదలైంది. అతని జబ్బు నయమైపోయిందని నేననను. జైలు డాక్టరు గారు మందులు ఇస్తూనే ఉన్నారు. మందు పని మందు చేసింది, రంగు పని రంగు చేసింది.

గోడ సగమయ్యేసరికి ములాఖత్‌కి వచ్చే పిల్లలు చూడ్డం మొదలుపెట్టారు. ములాఖత్ అంటే కొద్ది నిమిషాలే. కమ్మీల అవతల తండ్రి, ఇవతల బిడ్డ. ఏం మాట్లాడుకోవాలో ఇద్దరికీ తెలీదు. "బాగా చదువుతున్నావా" అంటాడు, "ఊ" అంటుంది పిల్ల. ఇప్పుడు, "ఆ పడవ నేనే వేశాను, మొత్తం ఎన్నున్నాయో లెక్కపెట్టు" అనేవాడు. ఆ పిల్ల లెక్కపెట్టేది. పైవారానికి ఇంకో పడవ కలిసేది. ఇదేమంత గొప్పా అని మీకనిపించొచ్చు. ఎదిగిన పిల్లలు అమెరికా నించి వీడియోలో కనిపించినప్పుడు "తిన్నారా" తరవాత మాట తోచక అవస్థపడే మనకి దాని విలువ తెలియకపోదు.

ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. ఇంగ్లండులో ఆర్థర్ కెస్లర్ అనే రచయిత స్పెయిను అంతర్యుద్ధంలో 1937లో జైల్లో పడి, ఉరిశిక్ష భయంతో రోజులు గడిపాడు. ఆయన పూనికతో 1962 నించి అక్కడి ఖైదీల కళాకృతులకి ఏటేటా బహుమతులిచ్చే ఏర్పాటు జరుగుతోంది. మన కలకత్తాలో నాట్యకారిణి అలకనందా రాయ్ గారు 2007లో ప్రెసిడెన్సీ జైలుకి అతిథిగా వెళ్ళి, తరవాత అక్కడే పాతుకుపోయి ఖైదీలకి నాట్యం నేర్పారు. వాళ్ళ చేత రవీంద్రుల 'వాల్మీకి ప్రతిభ' జైలు బయట వేదికల మీద ఆడించారు. దొంగ కవిగా మారిన కథ ఖైదీలే ఆడితే చూసినవాళ్ళకి ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి. మన పొరుగున బళ్ళారి, మైసూరు జైళ్ళలో హులుగప్ప కట్టీమని అనే రంగస్థల నటుడు ఖైదీల చేత నాటకాలు వేయించి బయటి ప్రేక్షకులకి చూపించారు. బళ్ళారి అంటే మన రాఘవ గారి ఊరు, ఆయన స్వయానా ప్లీడరు. ఈ సంగతి ఆయన చూసి ఉంటే ఎంత సంతోషించేవారో అనుకుంటాను. శాంతారాం గారి 'దో ఆంఖే బారహ్ హాథ్' 1957లో వచ్చింది. దాని తెలుగు రూపం రామారావు గారి 'మా దైవం' మీలో చాలామంది నేల టిక్కెట్టులో చూసే ఉంటారు.

వైద్యులు కూడా దీన్ని కొట్టిపారెయ్యడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి ఐరోపా విభాగం 2019లో కళలూ ఆరోగ్యమూ అనే విషయం మీద మూడువేలకు పైగా అధ్యయనాలు పరిశీలించి నివేదిక ఇచ్చింది. ఆందోళన, దిగులు వంటివాటికి కళలు ఊతమిస్తాయన్నది అందులోని ఒక సారాంశం. మన దేశంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 103వ సెక్షను, ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైలు వైద్య విభాగంలో మానసిక చికిత్సా కేంద్రం ఉండాలంటోంది. చట్టంలో ఉన్నదీ ఆచరణలో ఉన్నదీ ఎంత దూరమో సర్వీసులో పనిచేసిన మనకి వేరే చెప్పక్కర్లేదు. మాటల్లో మాట. 2022 అక్టోబరులో మొదలైన టెలిమానస్ 14416 నెంబరు మనకీ పనికొస్తుంది. రాత్రిళ్ళు నిద్రపట్టక, ఎవరికీ చెప్పుకోలేక మధనపడేవాళ్ళు ఈ హాల్లో కూడా ఉన్నారని నాకు తెలుసు. రాసుకోండి. డబ్బులక్కర్లేదు.

ఒక ప్రశ్న మాత్రం దాటవెయ్యను. ఆ పదకొండు మందిలో ఒకరిద్దరి వల్ల ఏదో ఒక ఇంట్లో దీపం ఆరిపోయి ఉంటుంది. ఆ ఇంటివాళ్ళు, "వాడికి రంగులిస్తున్నారా, మాకెవరేమిచ్చారు" అంటే నా దగ్గర సమాధానం లేదు. వాళ్ళ బాధ న్యాయమైంది. వాళ్ళకి చెయ్యవలసింది వేరే ఉంది, అదీ ఎవరూ చెయ్యడం లేదు. నాకు తోచేది ఇంతమట్టుకే. వాళ్ళలో నూటికి తొంభై మంది ఏదో ఒక రోజున బయటికొస్తారు. మన బస్సులోనే ఎక్కుతారు. మనిషి ముఖం చూసి మాట్లాడగలిగే స్థితిలో రావడం అందరికీ మంచిది.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. ఇది చెప్పడానికే ఒప్పుకున్నానేమో కూడా.

ఏడాదిన్నర వెళ్ళాను. తరవాత మా ఆవిడకి మోకాలి ఆపరేషను. ఒక శనివారం మానేశాను, రెండో శనివారం మానేశాను. తరవాత వానలు. తరవాత అలవాటు తప్పింది. ఉత్తరం ముక్కయినా రాయలేదు. "వాళ్ళకేం, ఎవరో ఒకరు వస్తారులే" అనుకున్నాను. గోడ ఇంకా రెండడుగులు మిగిలే ఉంది.

మూడేళ్ళ తరవాత ఒక శనివారం ఇక్కడే, ఈ అప్పనపల్లిలోనే, బాలబాలాజీ స్వామి దర్శనం చేసుకుని అన్నదానం వరసలో కూర్చున్నాను. ఎదురు వరసలోంచి ఒకతను లేచి వచ్చి, "మాస్టారూ, బాగున్నారా" అన్నాడు. రంగులు కలిపే అతను. భార్యా, పిల్లా పక్కన ఉన్నారు. శిక్ష అయిపోయి వచ్చి ఎనిమిది నెలలైందిట. కొబ్బరి దింపు పనికి వెళుతున్నాడట. నేను సంజాయిషీ ఏదో మొదలుపెట్టాను. అతను నిష్ఠూరంగా ఏమీ అనలేదు. "పరవాలేదండి. నాలుగు శనివారాలు రంగు కలిపి ఉంచాను. బంక పులిసిపోతే పారబోసి మళ్ళీ కలిపాను. తరవాత మీకేమైనా అయిందేమో అనుకున్నామండి" అన్నాడు. ఆ తరవాత ఎవరో పెద్ద ఆఫీసరు తనిఖీకి వస్తారని గోడకి సున్నం వేసేశారట. వేసింది కూడా వీళ్ళ చేతే.

ఆ రోజు నా విస్తట్లో అన్నం ముట్టుకోలేకపోయాను. సున్నం వేయించినవాళ్ళని నేను తప్పు పట్టను, గోడ సర్కారుది. నేను చేసింది దానికన్న ఎక్కువ. అప్పటికే ఒక్కొక్కళ్ళూ చెప్పకుండా వెళ్ళిపోయిన బతుకులవి. అన్నదమ్ములు రావడం మానేస్తారు, ప్లీడరు రావడం మానేస్తాడు. వాళ్ళ జాబితాలో నేనూ చేరాను. ఈ పనిలో మొదలుపెట్టడం కంటె చెప్పి ముగించడం ముఖ్యమని నాకు అప్పుడు తెలిసింది. "ఇంకా ఆరు శనివారాలు వస్తాను, తరవాత రాను" అని చెప్పి ఉంటే, వాళ్ళు ఆ రెండడుగులూ పూర్తి చేసుకునేవారు.

అందుచేత కార్యవర్గం వారికి నా విన్నపం ఒకటుంది. మన అమలాపురంలో సబ్‌జైలు ఉంది. అక్కడుండేది ఎక్కువగా రిమాండువాళ్ళు. ఈవారం ఉన్నవాడు పైవారం ఉండడు, బెయిలొస్తే వెళ్ళిపోతాడు. కాబట్టి ఏడాది పట్టే గోడ బొమ్మలు అక్కడ కుదరవు. ఒక పూటలో అయ్యే పని కావాలి. లేదా ప్రభలాగా, ఒకడు మొదలెట్టి వదిలింది వేరొకడు అందుకునే పని కావాలి. గుడ్డ మీద పెద్ద బొమ్మ గళ్ళు గళ్ళుగా గీసి, మనిషికో గడి ఇవ్వొచ్చు. వెళ్ళిపోయేవాడి గడి వెళ్ళేలోపు అయిపోతుంది. మనలో భజన పాడేవారున్నారు, హరికథ తెలిసినవారున్నారు, పూర్వం పరిషత్తు నాటకాలు ఆడినవారున్నారు. ఆడవాళ్ళలో లేసు అల్లడం వచ్చినవారు చాలామందే ఉన్నారు. అయితే అల్లిక సూది గేటు దాటదు, ముందే చెబుతున్నాను. అధికారుల అనుమతి లిఖితపూర్వకంగా తీసుకునే వెళ్ళాలి. వెళ్ళినవాళ్ళు ఏం కేసని అడగకూడదు. ఇంటికి కబురు చేరవెయ్యమంటే ఒప్పుకోకూడదు. ఫోటోలు తియ్యకూడదు, సంఘం పత్రికకైనా సరే. పనిచేసే సిబ్బందిని కూడా కూర్చోమనండి. వాళ్ళకీ ఆ తాళాల మధ్య బతుకే, మన పెన్షను వయసు వచ్చేదాకా.

మెడికల్ రీయింబర్స్‌మెంటు తేలలేదు, డి.ఎ. బకాయి రాలేదు, ఇప్పుడీ కొత్త తలనొప్పి ఎందుకని వెనక వరసలో ఎవరో అన్నారు. నాకు వినబడింది, చెవులింకా బాగానే ఉన్నాయి. ఆ అర్జీలూ పెడదాం, ఇదీ చేద్దాం. ఏడాదికోసారి బ్రతికే ఉన్నామని సర్టిఫికెట్టు ఇచ్చుకుంటున్నాం, మిగతా పదకొండు నెలలూ ఏదో ఒకటి చెయ్యాలిగా.

కాగితం కార్యదర్శి గారి బల్ల మీద ఉంది. భోజనాలయ్యాక ఇష్టమైనవారు పేరు రాయండి. పేరు పక్కన, ఎన్ని వారాలు ఖాయంగా రాగలరో అంకె కూడా వెయ్యండి. నాలుగైతే నాలుగే వెయ్యండి, పన్నెండని వెయ్యకండి. రోజు మంగళవారం అనుకుంటున్నాను. శనివారం ఇక్కడ గుడికి వచ్చే జనంతో బస్సులు దొరకవు.

సెలవు.